పేరు తెలియని కూలీ

విజయనగరం గంటస్తంభం దగ్గరి పాత బజారుకు కొత్త సొగసు వచ్చి ఏడాదయింది. కొట్లకు రంగులు వేశారు, కాలవల మీద రాళ్లు పరిచారు. ఆదివారాలు జనాన్ని కాలినడకన తిప్పుతూ పాత సంగతులు చెప్పే పని నరసింగరావుది. ఆ ఆదివారం పొద్దున్నే ఆయన కంగారుగా డిటెక్టివ్ జగన్నాధాన్ని పిలిపించాడు. వెంట సహాయకురాలు ఝాన్సీ వచ్చింది.

ఒకప్పటి ధాన్యం కొట్టును ఫొటోల గది చేశారు. దాని అజమాయిషీ కూడా నరసింగరావుదే. యాభై ఏళ్ల కిందట ఇదే బజారులో బస్తా మోస్తున్న మనిషి ఫొటో గోడమీంచి మాయమైంది. తాళం పగల్లేదు. గోడ కింద చుట్టముక్క దొరికింది. కాపలా అప్పలసూరి చుట్ట కాలుస్తాడు. ఇంకేం కావాలి, సాయంత్రంలోగా ఫొటో రాకపోతే పనిలోంచి తీసేస్తానని నరసింగరావు తేల్చేశాడు.

"పొద్దున్న తలుపు తీసి టీకెల్లినాను బాబూ. అదొక్కటే నా తప్పు," అన్నాడు అప్పలసూరి. ఆ జీతం మీదే ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

జగన్నాధం చుట్టముక్కను వెలుతురులో చూసి ఝాన్సీ చేతికిచ్చాడు. కాలిన కొసమీద పంటిగాట్లున్నాయి. ఆమె బుర్రకేమీ తట్టలేదు. ఫొటో కింద ఏం రాశారని ఆయన అడిగాడు. 'పేరు తెలియని కూలీ' అని రాశామనీ, ప్రతి నడకలోనూ అదే చెబుతాననీ అన్నాడు నరసింగరావు.

నలుగురూ వీధిలోకి వచ్చారు. ఇక్కడ సోడా కొట్టుండేది, అక్కడ జట్కాలు ఆగేవి అంటూ జగన్నాధం తన చిన్నతనంలోకి వెళ్లిపోయాడు. కేసు మరిచాడేమోనని ఝాన్సీకి బెంగ. కానీ తాతయ్య చెయ్యి పట్టుకుని ఇదే వీధిలో జీళ్లు కొనుక్కున్న రోజులు గుర్తొచ్చి ఆమె నడకా నెమ్మదించింది. అప్పలసూరి దిగులు ఆపుకోలేక చుట్ట వెలిగించి గుప్పుగుప్పున పొగ వదిలాడు.

వీధి చివర అయిదుగురు ఆడవాళ్లు పూలమ్ముతున్నారు. నలుగురు మూరలు కొలుస్తున్నారు. ముసలి గున్నమ్మ మాత్రం బుట్టమీద తడిగుడ్డ కప్పుకుని కూర్చుంది. నోట్లో చుట్ట ఉంది గాని నిప్పు కనబడలేదు.

జగన్నాధం అక్కడ ఆగి అందరినీ దగ్గరకు రమ్మన్నాడు.

"అప్పలసూరిలా తాగితే పంటిగాట్లు కాలని కొసన పడాలి. ఈ ముక్కకు కాలిన కొసన పడ్డాయి. అంటే నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషిది. మన వైపు అలా తాగేది ఆడవాళ్లే. ఈ వీధిలో అడ్డపొగ ఈమె ఒక్కర్తిదే. పైగా బేరాల వేళ బుట్ట కప్పేసింది. అప్పలసూరి టీకి వెళ్లినప్పుడు తీశావు కదమ్మా?"

గున్నమ్మ దబాయించలేదు. గుడ్డ తీసింది. చేమంతుల కింద, అరిటాకులో భద్రంగా ఫొటో ఉంది.

"నా పెనిమిటి బాబూ. పేరు తెలీదు, పేరు తెలీదని వొచ్చినోలందరికీ సెప్తన్నారు. నాను ఈడనే ఉన్నాను. అప్పలసూరి మీదకి వస్తాదనుకోనేదు."

అంత బాధైతే పేరు చెప్పి ఉండొచ్చు కదా అన్నాడు నరసింగరావు. ఆమె తల దించుకుంది. ఝాన్సీకి వెంటనే అర్థమైంది. తన నాయనమ్మ కూడా బతికినన్నాళ్లూ మొగుడి పేరు నోటితో పలకలేదు.

నరసింగరావు ముఖం చిన్నబోయింది. జేబులోంచి కలం తీశాడు. అప్పలసూరిని ఏమీ అననని మాటిచ్చి, పేరు చెబితే ఫొటో కింద ఇప్పుడే రాస్తానన్నాడు.

గున్నమ్మ చుట్ట పక్కన పెట్టి, కొంగు తలమీదికి లాక్కుంది. ఫొటోకేసి చాలాసేపు చూసింది.

"లక్ష్ముడు," అంది, తనకే వినబడనంత మెల్లగా. తర్వాత ఇంకోసారి, వీధిలో అందరికీ వినబడేలా అంది.