మూడు గంటలకి వెళ్ళిన రెసిపీ

రూత్ హాల్వర్సన్ సరుకుల సంచి వంటింటి గట్టు మీద పెట్టి కోటు విప్పుతుండగా ఎవరో తలుపు తట్టారు. స్పోకేన్‌లో ఆ ఇంటికి ఆమె వచ్చి ఆరు రోజులైంది. ఆ అడ్రస్ తెలిసినవాళ్ళు, సాక్షులను దాచే బ్యూరోలో ముగ్గురే. వాళ్ళలో ఎవరో వచ్చారనుకుని నవ్వుతూ తలుపు తీసింది.

సైలెన్సర్ బిగించిన తుపాకి రెండుసార్లు పేలింది. గుమ్మం దగ్గరే ఆమె ప్రాణం పోయింది. అది గురువారం.

సోమవారం ఉదయం, సియాటిల్. పాత చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూడో అంతస్తులో బ్యూరో చీఫ్ డొలొరెస్ ప్రూయిట్ ఒక కాగితాన్ని ఏజెంట్ గారెట్ లిండ్‌క్విస్ట్ ముందుకు తోసింది. గారెట్‌కు నలభై ఆరేళ్ళు. రూత్ సాక్షిగా మారి దాక్కోక ముందు తొమ్మిదేళ్ళు ఆమెతో కలిసి పనిచేశాడు. శనివారం ఆమెను పూడ్చి వచ్చాడు. అప్పటి నుంచీ అన్నం సయించలేదు, నిద్ర లేదు.

"ఏంటిది?" అన్నాడు.

"నిమ్మకాయ కేక్ రెసిపీ. 'ఎడ్నా బామ్మ వంటగది' అనే బ్లాగ్‌లో గురువారం వచ్చింది. చదువు."

"ఓవెన్ వేడి ఆరువందల పన్నెండు డిగ్రీలా? బొగ్గు చేస్తారా, కేకు చేస్తారా?"

"ఆరువందల పన్నెండు రూత్ ఇంటి నంబరు."

గారెట్ చేతిలో కాగితం నలిగిపోయింది.

చీఫ్ నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆర్చర్డ్ అనే విదేశీ ముఠా బ్యూరో రహస్య జాబితాను కొల్లగొట్టింది. సాక్ష్యం చెప్పబోయే పన్నెండు మంది కొత్త పేర్లు, కొత్త ఇళ్ళు ఇప్పుడు ఆ ముఠా ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న సమాచార గిడ్డంగిలో, క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌లో ఉన్నాయి. ఆ జాబితాలో ఒకరి వరుసకు గుర్తు పెడితే చాలు, మిగతాదంతా ఆటోమేటిక్. వర్క్‌ఫ్లో అనే, తనంతట తానే నడిచే ప్రోగ్రాం ఆ అడ్రస్‌ని రెసిపీగా మార్చి బ్లాగ్‌లో వేస్తుంది. ఓవెన్ వేడి ఇంటి నంబరు, పిండి గ్రాములు వీధి, నిమిషాలు ఊరు. హంతకుడు ఏ మూలనో కూర్చుని కాఫీ తాగుతూ చదువుకుంటాడు. ఫోన్లు, ఉత్తరాలు, మనుషుల మధ్య మాటలు ఏవీ ఉండవు.

"రూత్ పోయింది. ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఈ రోజు రెండు గంటలకి ఒకరి అడ్రస్ వెళ్తుంది. ఎవరిదో తెలీదు, ఈలోగా అందరి ఇళ్ళూ మార్చలేం. లోపలికెళ్ళు, ఆపు, జాబితా చెరిపెయ్. హంతకుడి జోలికి వెళ్ళకు."

"వాడే నాక్కావాలి, చీఫ్."

"నాకు పదకొండు మంది కావాలి. నీ పగ తర్వాత తీర్చుకుందువు గాని."

గారెట్ నలిగిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. దాన్ని చీఫ్ ఒప్పుకోలు అనుకుంది. అదే పొరపాటు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఫెర్రీ టెర్మినల్‌లో ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న ఒకామె అతని పక్కన నిలబడింది. అటుగా వెళ్తున్న మగాళ్ళు రెండోసారి తిరిగి చూసి మరీ వెళ్తున్నారు.

"ఈ పడవలో పియానో ఉందా?" అందామె.

"ఉంది గానీ, శ్రుతి చెడింది."

కోడ్ కలిసింది, వెంట ఎవరూ రాలేదని దాని గుర్తు. ఆమె సిమోన్ ఆర్షాంబో. మాంట్రియల్ మనిషి. ముఠాకు ఆ వర్క్‌ఫ్లో కట్టిచ్చింది ఆవిడే. రూత్ చావు విని మనసు విరిగిందంటూ శనివారం తనంతట తానే బ్యూరోకు వచ్చింది. ఏడ్చింది కూడా. ఏడ్చినప్పుడు కాటుక చెదరలేదని గారెట్ అప్పుడే గమనించాడు.

ఒంటిగంట నలభైకి మంచినీళ్ళ కంపెనీ యూనిఫారంలో, భుజాన పెద్ద నీళ్ళ బాటిల్‌తో, గారెట్ ఆమె వెంట, వెస్టర్న్ అవెన్యూలో ముఠా ముసుగుగా నడిపే ఒక మార్కెటింగ్ ఆఫీసులోకి నడిచాడు. జేబులో బ్యూరో ల్యాబ్ వాళ్ళిచ్చిన పెన్ను ఉంది. నొక్కితే మత్తు సూది దూసుకెళ్తుందన్నారు. సిమోన్ వెనుక గది తాళం తీసింది. మూడు తెరలు, ఒక కుర్చీ. గోడకు, ఏ అంకె ఏ వీధో ఏ ఊరో చెప్పే కోడ్ పట్టిక.

తలుపు మూసుకున్న చప్పుడు వెనకాలే ఇంకో చిన్న చప్పుడు వినిపించింది. గారెట్ తిరిగి చూశాడు. సిమోన్ చేతిలో పిస్తోలు ఉంది.

"కూర్చో గారెట్. రెండింటికి పోస్టు వెళ్తుంది. రెండుంబావుకి నువ్వూ వెళ్తావు."

"మనసు విరిగిందన్నావ్?"

"అతుక్కుంది. మీవాళ్ళు ఇంకో దారి వెతక్కుండా రెండు రోజులు నా కబుర్లు వింటూ కూర్చున్నారుగా, అది చాలు."

"రూత్ అడ్రస్‌కి గుర్తు పెట్టింది నువ్వేనా?"

"ఒక్క క్లిక్కు. దానికింత రాద్ధాంతమా!"

గారెట్ పెన్ను తీసి నొక్కాడు. సిరా బయటికి వచ్చింది. సిమోన్ పగలబడి నవ్వింది.

గోడ గడియారంలో రెండయింది. బ్లాగ్‌లో ఏమీ మారలేదు. రెండూ ఒకటి. రెండూ రెండు. సిమోన్ నవ్వు ఆగిపోయింది.

"ఎందుకు వెళ్ళలేదు?" అంది, తనలో తాను.

"నిన్న ఆదివారం వేసవి వేళకని దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపారు కదమ్మా. నువ్వు జరిపావు, నేను జరిపాను. నీ వర్క్‌ఫ్లో గ్రీనిచ్ టైముతో నడుస్తుందేమో, దానికి ఇంకా గంట ఉంది, చూసుకో."

"అసంభవం. నేను టైమ్‌జోన్ పెట్టాను. పెట్టే ఉంటాను..."

తను కట్టిన వర్క్‌ఫ్లో నడవకపోతే ఏ ఇంజనీరూ ఊరుకోలేదు. ఇల్లు తగలబడుతున్నా ముందు లాగ్, అంటే ప్రోగ్రాం నడిచిన చిట్టా, తెరిచి చూస్తుంది. సిమోన్ కళ్ళు తెర వైపు తిరిగాయి. రెండు సెకన్లు అంతే. నీళ్ళ బాటిల్ గాల్లో లేచి ఆమె చేతి మీద పడింది. పిస్తోలు బల్ల కిందికి జారిపోయింది. మరు నిమిషంలో ఆమె చేతులు కుర్చీకి కట్టేసి ఉన్నాయి.

గారెట్ తెర ముందు కూర్చున్నాడు. ఈ రోజు గుర్తు పెట్టిన వరుస: థియొడోరా బాస్క్, డెబ్బై ఒక్కేళ్ళు, ఓడరేవు మాజీ గుమాస్తా. ఊతకర్ర లేనిదే నడవలేని మనిషి. ఒక్క నొక్కుతో మొత్తం ఆపేయొచ్చు. వేలు అక్కడిదాకా వెళ్ళి ఆగింది.

బ్లాగ్‌ని ఎవరెవరు ఎక్కడి నుంచి చూశారన్న లెక్క అయిదు నిమిషాలకోసారి అదే వేర్‌హౌస్‌కి తిరిగి వస్తోంది. అది కూడా సిమోన్ కట్టిందే. రెండు గంటల నుంచీ ఇద్దరే ఇద్దరు ఆ పేజీని ఆగకుండా రిఫ్రెష్ చేస్తున్నారు. ఒకడు పక్క ఊరు టకోమాలో. రెండోవాడు ఇదే ఊళ్ళో, బాలర్డ్ అవెన్యూ, నంబరు 5227, పెలికాన్ కాఫీ షాపులో. ఆ రెండోవాడి ఫోన్ గురువారం స్పోకేన్‌లో ఉంది.

గారెట్ ఒళ్ళు మండిపోయింది. పది నిమిషాల దూరం. పిస్తోలు చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది.

"ఆ ఇద్దరు హంతకులూ ఒకరికొకరు తెలుసా?" అన్నాడు.

"ఒకరి మొహం ఒకరికి తెలీదు. అడ్రస్‌కి దగ్గరున్నవాడు పని కానిస్తాడు. వెళ్ళి కాల్చేయ్, నీ కసి తీరుతుంది," అంది సిమోన్.

"ఒక్క గుండుతోనా? రూత్‌కి భయపడే టైమైనా ఇవ్వలేదు వాడు. నేనిస్తాను."

చీఫ్‌కి ఫోన్ చేసి టకోమావాడి సంగతి మాత్రం చెప్పాడు. తర్వాత గోడ మీది పట్టిక చూస్తూ, ఆ దిక్కుమాలిన పెన్నుతోనే అరచేతి మీద అంకెలు రాసుకున్నాడు. వరుసలో థియొడోరా అడ్రస్ కొట్టేసి కాఫీ షాపు అడ్రస్ పెట్టాడు. గడియారం చూశాడు, ఈ వెతుకులాటలోనే గంట కరిగిపోయింది. రెండూ యాభై ఎనిమిది.

సిమోన్ పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. కట్టేసిన మనిషి ఊరికే నవ్వదు. గారెట్ గబగబా బ్లాగ్ లోపలి పేజీ తెరిచాడు. వర్క్‌ఫ్లో పొద్దున్నే వరుసను చదివేసి, డ్రాఫ్ట్ తయారుచేసి పెట్టింది. వేర్‌హౌస్‌లో ఇప్పుడు ఏం మార్చినా లాభం లేదు. థియొడోరా ఇంటి నంబరు డ్రాఫ్ట్‌లో చెక్కుచెదరకుండా ఉంది.

ఇంకా నలభై సెకన్లు. ఓవెన్ వేడి మార్చాడు. ఇరవై. పిండి గ్రాములు. పది. నిమిషాలు తప్పు పడ్డాయి, చెరిపి మళ్ళీ కొట్టాడు. సేవ్ నొక్కిన మరుక్షణం మూడయింది. ఆపిల్ కేక్ రెసిపీ లోకమంతా చూసేలా ప్రత్యక్షమైంది.

"ఎడ్నా గారూ, 5227 డిగ్రీలా? మా ఓవెన్‌లో అంత రాదండీ" అని ఎవరో పాపం వెంటనే కామెంట్ పెట్టారు.

గారెట్ పదకొండు వరుసలూ చెరిపేశాడు.

డీటర్ క్రాల్ కాఫీ షాపు కిటికీ పక్కన కూర్చుని, అలవాటుగా ఒక్కో అంకెనూ విప్పుకుంటూ పోయాడు. ఊరు సియాటిల్. వీధి బాలర్డ్. నంబరు చూసి తలెత్తాడు. అద్దం మీద తెల్ల రంగుతో అదే నంబరు. అంటే ఈసారి ఎవడో చంపడానికి వస్తున్నది తననే. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన పేపర్ మడిచాడు. ఆ చప్పుడుకే క్రాల్ కప్పు జారవిడిచాడు.

మూడుంబావుకి వాడు వానలో రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తి, పార్కింగ్ టికెట్లు రాస్తున్న ఆఫీసరమ్మ ముందు మోకాళ్ళ మీద పడ్డాడు.

"నన్ను అరెస్ట్ చెయ్యండి! స్పోకేన్‌లో ఆమెను చంపింది నేనే. ముందు నన్ను లోపలెయ్యండమ్మా!"

టకోమావాడు సగం దారిలో పోలీసులకు దొరికాడు.

మర్నాడు ఉదయం విచారణ గదిలో క్రాల్ మొత్తం కక్కేశాడు. ముఠాలో ఎవరెవరు, ఎక్కడెక్కడ, అన్నీ. చీఫ్ గారెట్ వైపు చూసిన చూపులో కోపం సగమే ఉంది.

"జైలు అయ్యాక నాకు కొత్త పేరు, కొత్త ఇల్లు ఇవ్వాలి. సాక్ష్యం చెప్పేవాళ్ళకి ఆ చట్టం ఉంది," అన్నాడు క్రాల్.

"ఇస్తాం," అంది చీఫ్.

"ఒక్కటే మనవి. ఆ అడ్రస్ ఏ కంప్యూటర్‌లోనూ ఎక్కించకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

గారెట్ కోటు తొడుక్కుని, క్రాల్ భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"మీరేం దిగులు పెట్టుకోకండి క్రాల్ గారూ. మా దగ్గర ఇప్పుడు అంతా ఆటోమేటిక్."