సూరయ్య ముఖం

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పెద్దింట్లమ్మ కూతురి కంప్యూటర్ ముందు కూర్చుంది. రేపు భర్త సూరయ్య సంవత్సరీకం. దండ వేయడానికి ఒక ఫొటో కావాలి. ఆధార్ కార్డులో ఉన్నదాన్ని పెద్దది చేయిస్తే అది సూరయ్యో, ఊళ్లో ఇంకెవరో దేవుడికే తెలియాలి.

సూరయ్య గిలకలదిండి రేవు నుంచి సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాడు. కూతురు సత్యశ్రీ విజయవాడలో స్టూడియో పెట్టి, తీరమంతా తిరిగి పక్షుల్నీ, రేవుల్నీ, మడ అడవుల్నీ ఫొటోలు తీసి పేరు తెచ్చుకుంది. అలాంటి పిల్ల దగ్గర తండ్రి ఫొటోకు కరువేమిటని తల్లి ధీమా.

గంట గడిచింది. పెలికాన్లు వచ్చాయి, మడ అడవిలో చేపలు పట్టే నీటిపిల్లి వచ్చింది. సూరయ్య కూడా పదకొండు ఫొటోల్లో వచ్చాడు. అన్నిట్లోనూ వీపే.

"ఏమే, కొంగకి ముక్కు మీద మచ్చతో సహా తీశావు. మీ నాన్నకి మొహం లేదా?"

"వేటకెళ్లేవాళ్లని వెనక నుంచి పిలవకూడదని నువ్వేగా నేర్పావు? పిలవకుండా తీస్తే వీపే వస్తదమ్మా."

"వెళ్లేటప్పుడు సరే. వచ్చేటప్పుడు మొహం ఒడ్డు వైపే ఉంటదిగా! అప్పుడేం చేశావ్?"

 పడవలు తిరిగొచ్చే వేళకు సత్యశ్రీ ఏనాడూ రేవులో లేదు. మడ అడవిలో పక్షుల కోసం పొంచి కూర్చునేది. నాన్నదేముంది, ఇంకోసారి తీయొచ్చు అనుకునేది. కిందటేడు ఆయన నిద్రలోనే పోయాడు.

"పక్షులు ఎగిరిపోతాయనుకున్నానమ్మా. నాన్న ఎక్కడికీ పోడనుకున్నా" అంటూ ఏడ్చేసింది.

పెద్దింట్లమ్మ కోపం కాస్తా కరిగిపోయింది. కూతురి తల ఒళ్లోకి లాక్కుంది.

"ఊరుకో. నేను మాత్రం? ముప్పయ్యేళ్లు ఒడ్డున నిలబడి ఈ వీపునే చూశా. ఒక్కసారి ఇటు తిరిగితే బాగుండునని ఎన్నిసార్లు అనిపించిందో! పిలిస్తే కీడని నోరు మూసుకున్నా."

ఆఖరి ఫొటోలో సూరయ్య భుజాన వల వేసుకుని, తెల్లారుతున్న నీళ్ల వైపు నడుస్తున్నాడు.

"దీన్నే పటం కట్టించు."

"వీపుకి దండేంటమ్మా? చుట్టాలు నవ్వుతారు."

"నవ్వనీ."

పెద్దింట్లమ్మ తెర మీద ఆ భుజాన్ని వేలితో తడిమింది. ఇక ఆయన వేటకు వెళ్లేదీ లేదు, ఆయనకు కీడు జరిగేదీ లేదు. గొంతు సవరించుకుని, పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి, వెళ్లిపోతున్న మనిషిని వెనక నుంచి పిలిచింది.

"ఇదిగో, నిన్నే! ఒకసారి ఇటు చూడు."

తిరుగుతాడేమోనని తల్లీకూతుళ్లిద్దరూ ఊపిరి బిగబట్టి అటే చూస్తూ ఉండిపోయారు.