ఏడో పేజీ

బందరు కోనేరు సెంటరుకి దగ్గర్లో, ఒక కళ్ళజోళ్ళ షాపు పైన ఉంది డిటెక్టివ్ పిచ్చేశ్వరరావు ఆఫీసు. ఆ సోమవారం ఉదయం చేతికర్ర సాయంతో ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చినామెకి ముప్పై అయిదేళ్ళుంటాయి. కుర్చీలో కూర్చోగానే కర్ర పక్కన పెట్టి, ఎడం చెయ్యి కుడి డొక్క మీద అదిమి పెట్టుకుంది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో దొండకాయ వేపుడు ఉందండీ. విషం కలిసిందేమో పరీక్ష చేయించాలి."

ఆమె పేరు తేజస్విని. పెడనలో కలంకారీ డిజైన్లు గీస్తుంది. ఆరేళ్ళ కిందట ఎం.ఎస్. వచ్చింది. ఒంట్లోని రక్షణ శక్తే నరాల మీద దాడిచేసే జబ్బు అది. కుడి కాలు, కుడి చెయ్యి పట్టు తప్పాయి. పోయిన నెల విజయవాడ ఆసుపత్రిలో అయిదు రోజులు వరసగా కొత్త మందు నరానికి ఎక్కించారు. ఇంటికొచ్చాక చేతికి కాస్త పట్టు వచ్చింది గానీ, కడుపులో నొప్పి మొదలైంది. అప్పుడే డిజైన్ల పుస్తకంలో ఒక చీటీ దొరికింది.

పిచ్చేశ్వరరావు చీటీ తీసుకుని, ఎవరి రాతో పోల్చుకోకుండా వంకరగా రాసిన అక్షరాలని పైకి చదివాడు. "మీ తోడికోడలి చేతి కూడు తింటే కుడి డొక్కలో పోటు. ఆపైన వాంతులు. ఆపైన జ్వరం. జాగ్రత్త."

"అన్నీ వచ్చాయా?"

"వరసగా అలాగే వచ్చాయండీ. చీటీ దొరికేనాటికి నొప్పి ఒక్కటే. వాంతులు వారానికి. జ్వరం మొన్న."

లా చదివి, కోర్టు వదిలేసి ఏడేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్న సుష్మిత నోట్సు రాస్తూ తలెత్తింది. ఆయన చీటీని వెలుతురుకి పెట్టి చూస్తాడనుకుంది. ఆయన మాత్రం తేజస్విని మొహమే చూస్తున్నాడు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. చెల్లెలు నవ్యశ్రీ ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగిందట, ఉట్టి గ్యాస్ అన్నారట. ముందు మా ఇంటికి వచ్చి చూడండని తేజస్విని పట్టుబట్టింది. ఒక్క గంటసేపు చూస్తానని, తర్వాత తను చెప్పిన చోటికి రావాలని మాట తీసుకుని ఆయన కారెక్కాడు.

పెడనలో ఆ ఇంటి వెనక షెడ్డులో అచ్చులు గుడ్డ మీద పడుతున్న చప్పుడు వీధిలోకే వినిపిస్తోంది. తేజస్విని భర్త దుర్గాశ్రీనివాస్ హైదరాబాదు ఎగ్జిబిషన్‌కి వెళ్ళి ఇరవై అయిదు రోజులైంది. ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళు. శ్రీనివాస్ అన్న చనిపోయాక అక్కడే ఉండిపోయిన తోడికోడలు రాజకుమారి ఒకరు. అక్కకి జబ్బు చేసిందని గుడివాడలో టీచరు ఉద్యోగం మానుకుని వచ్చేసిన నవ్యశ్రీ ఇంకొకరు.

రాజకుమారి చేతులకి, అద్దకానికి ముందు గుడ్డకి పట్టించే కరక్కాయ మరకలున్నాయి. తేజస్విని చెయ్యి పడిపోయిన రోజుల్లో పక్కన కూర్చుని డిజైన్లు గియ్యడం నేర్చుకుందట. విషం మాట ఎత్తినా కోపం తెచ్చుకోలేదు.

"మూడు వారాలనుంచి నేను పెట్టింది పెరట్లో పారబోస్తోందండీ. చూశాను. నావల్ల ఏం తప్పు జరిగిందో అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు."

"మరి ఏం తింటోంది?"

"వాళ్ళ చెల్లెలు వేరే వండి పెడుతోంది."

నవ్యశ్రీ ఆ మాట దాచలేదు. అక్కకి భయంగా ఉంటే తనే వండుతున్నానంది. నిన్న అక్క అడిగిందని బందరు లడ్డూలు కూడా తెచ్చిందట. సాయంత్రానికి నొప్పి మళ్ళీ వచ్చింది. "ఆవిడ పెట్టిందే ఇంకా లోపల ఉండి ఉంటుందండీ. బావగారు వచ్చాక అక్కా నేనూ వేరే ఇల్లు తీసుకుని ఉంటాం," అంది.

పిచ్చేశ్వరరావు ఆసుపత్రి ఫైలు అడిగి తీసుకున్నాడు. అందులో మందు గురించిన తెలుగు పుస్తకం ఒకటుంది. ఆరో పేజీ తర్వాత తొమ్మిదో పేజీ. మధ్యలో ఆకు లేదు. పుస్తకం వెనకున్న నంబరుకి ఫోన్ చేస్తూ వరండాలోకి వెళ్ళాడు. అటువైపు నర్సు చెప్పిందంతా వినేసరికి నాలుగైదు నిమిషాలు పట్టింది. లోపలికి వచ్చినప్పుడు ఆయన మొహంలో తొందర కనిపించింది.

"సుష్మితా, అంబులెన్స్. విజయవాడ. వేపుడు సంగతి తర్వాత."

అంబులెన్స్ వచ్చేలోపే తేజస్విని మంచం మీద మెలికలు తిరిగిపోయింది.

అయిదో రోజు మధ్యాహ్నం విజయవాడ ఆసుపత్రి గదిలో అందరినీ కూర్చోబెట్టాడు పిచ్చేశ్వరరావు. ఆపరేషన్ అయిన తేజస్విని దిండుకి ఆనుకుని ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన శ్రీనివాస్ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కిటికీ దగ్గర రాజకుమారి, తలుపు దగ్గర నవ్యశ్రీ.

"వేపుడులో ఏమీ లేదు. అసలు విషమే లేదు," అని మొదలుపెట్టాడాయన. "గాల్ బ్లాడర్ వాచిపోయింది. రాళ్ళు కూడా లేవు. ఆ మందు తీసుకున్నవాళ్ళలో చాలా అరుదుగా ఇలా జరుగుతుందట. మందు వల్లేనని ఖాయంగా చెప్పలేమన్నారు డాక్టరు గారు, కానీ అనుమానించి తీరాలన్నారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు."

"మరి ఆ చీటీ?" అన్నాడు శ్రీనివాస్.

"అదే అసలు నేరమండీ. నొప్పి తప్ప ఇంకేమీ లేని రోజున, వాంతులూ జ్వరమూ వస్తాయని రాసింది. విషం పెట్టినవాళ్ళు అలా హెచ్చరించరు. ముందే తెలిసినవాళ్ళు రాయాలి. పుస్తకంలో పోయిన ఏడో పేజీ ఫొటో తీసి పంపమని ఆసుపత్రి నర్సుని అడిగాను. అందులో అవే మూడు లక్షణాలు, అదే వరసలో ఉన్నాయి. కనిపిస్తే వెంటనే ఫోన్ చెయ్యమని కూడా ఉంది. ఆ పేజీ చదివి చించినవాళ్ళే చీటీ రాశారు. శ్రీనివాస్ గారు ఊళ్ళో లేరు. రాజకుమారి గారు తన మీద తనే నింద రాసుకోరు. పైగా ఆవిడ చేతి తిండి మానేశాక కూడా నొప్పి తగ్గలేదు. వాచిన గాల్ బ్లాడర్‌కి కొవ్వు పడదట, లడ్డూలో నెయ్యి పడగానే తిరగబెట్టింది."

ఆయన నవ్యశ్రీ వైపు తిరిగాడు.

"ఆ పేజీ మీకు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పానంది నర్సు. మీరు ఫోన్ చేసి అడిగానన్నారు. నెల రోజుల్లో పెడన నుంచి ఆ నంబరుకి వచ్చిన మొదటి ఫోన్ నాదేనమ్మా."

నవ్యశ్రీ కాదనలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అక్క వైపు తిరిగింది.

"చచ్చిపోతావనుకోలేదక్కా. మామూలు నొప్పే, తగ్గిపోతుందనుకున్నాను. ఈలోపు ఆవిడంటే నీకు భయం పుడితే చాలనుకున్నాను." కొంగు వదిలేసింది. "ఆరేళ్ళు నిన్ను పట్టుకుని నడిపించాను. స్నానం చేయించాను. నువ్వు నవ్వడం మాత్రం ఆవిడ పక్కన కూర్చున్నప్పుడే నవ్వేదానివి. నా దగ్గరకొస్తే మందు టైమైందా అని అడిగేదానివి. వంటింట్లో నిలబడి మీ ఇద్దరి నవ్వులూ వింటుంటే ఎలా ఉండేదో నీకు తెలీదు."

పోలీసులకి చెప్పాలా అని శ్రీనివాస్ నెమ్మదిగా అడిగాడు. అది తేజస్విని గారి ఇష్టమన్నాడు పిచ్చేశ్వరరావు.

తేజస్విని ముందు రాజకుమారి కేసి చూసింది. "అక్కయ్యా, ఒక్క మాట నిన్ను అడగకుండా అన్నం పారబోశాను," అంది. రాజకుమారి తల అడ్డంగా ఊపి, కళ్ళు తుడుచుకుంది. తర్వాత తేజస్విని చెల్లెలితో మాట్లాడింది. గొంతులో కోపం లేదు, చనువూ లేదు.

"పోలీసులు వద్దు. నువ్వు గుడివాడ వెళ్ళి మళ్ళీ స్కూల్లో చేరు. నన్ను చూడాలనిపిస్తే చెల్లెలిగా రా, కూర్చో, భోంచేసి వెళ్ళు. నాకు సేవ చెయ్యడానికి మాత్రం ఇంకెప్పుడూ రాకు."

నవ్యశ్రీ అక్క కాళ్ళ వైపు ఒకడుగు వేసి, ఆగిపోయి, బయటికి వెళ్ళిపోయింది. ఈ కేసులో శిక్ష ఎవరికి పడినట్టని కారిడార్లో సుష్మిత అడిగితే పిచ్చేశ్వరరావు లిఫ్టు వైపు నడిచాడు. లిఫ్టు దగ్గర కుర్చీల్లో నవ్యశ్రీ వంగి కూర్చుని ఏడుస్తోంది. వాళ్ళు చూస్తుండగానే రాజకుమారి గదిలోంచి వచ్చి, ఒక కుర్చీ ఖాళీ వదిలి, ఆ పక్కదాంట్లో కూర్చుంది.