అంచు మాసిన పేజీ

బైండింగ్ షాపులో నిలబడి పుస్తకాల కాలం అయిపోయిందని ఎవరైనా అంటారా? ఆ అబ్బాయి అన్నాడు. పైగా ఆ షాపు వాళ్ల కరెంటు వాడుకుంటూ మరీ అన్నాడు.

ఆ రోజు పొద్దున్నుంచి ఒకటే వాన. ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటర్‌లో కరెంటు పోయింది. ఇన్వర్టర్ పుణ్యమా అని రోడ్డుకు ఇవతల బైండింగ్ షాపులో లైటు వెలుగుతోంది. అతను బ్యాగు నెత్తిమీద పెట్టుకుని, ట్యాబ్‌ని చొక్కాలోపల పొదువుకుని పరుగున వచ్చి, పది నిమిషాలు చార్జింగ్ పెట్టుకోవచ్చా అని అడిగాడు.

కౌంటర్ వెనక ఉన్నది షాపు ఓనరు కూతురు. అప్పుడే జిగురు పూసిన పుస్తకాన్ని బరువు కింద పెడుతూ, కళ్లతోనే ప్లగ్ చూపించింది. అతను ఊరుకుంటే బాగుండేది. చుట్టూ ఉన్న అట్టలూ, దారపు ఉండలూ, గుట్టలు పడ్డ పుస్తకాలూ చూసి, ఈ రోజుల్లో ఇంకా ఇవి ఎవరు మోస్తున్నారండీ అన్నాడు. తన పద్నాలుగు వందల పేజీల మెటీరియల్ మొత్తం ఈ ట్యాబ్‌లోనే ఉందట. ఏ మాట కావాలన్నా రెండు సెకన్లలో వెతికిపెడుతుందట. బరువుండదట, చిరగదట.

ఆమెకు ఒళ్లు మండింది.

"చిరగదు సరే. కరెంటు లేకపోతే తెరుచుకోదు కదండీ," అంది.

అతను నాలుక కరుచుకున్నాడు. లోపల సూదిలో దారం ఎక్కిస్తున్న ఆమె తండ్రి దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు ఆపుకున్నాడు. ఆ పూటే ఆమె అతనికి చార్జర్ అబ్బాయి అని పేరు పెట్టేసింది.

పేరు పెట్టాక మనిషి రాకుండా ఉంటాడా? కోచింగ్ సెంటర్‌లో కరెంటు ఉన్న రోజుల్లో కూడా రావడం మొదలుపెట్టాడు. ఇక్కడ చార్జింగ్ త్వరగా ఎక్కుతోందని ఒక కారణం చెప్పాడు. ఆ కారణం విని ఆమె తల తిప్పకుండా తన పని తాను చేసుకునేది. తల తిప్పితే నవ్వు బయటపడుతుందని భయం.

వీధిలో ఉన్న స్టూడెంట్లందరూ ఆమె తండ్రిని బాబాయ్ అంటారు. ఇతనొక్కడే సార్ అనేవాడు. ఎందుకయ్యా అంత మర్యాద, నువ్వూ బాబాయ్ అనొచ్చు కదా అని ఒకసారి ఆయన అడిగితే, చెవులదాకా ఎర్రబడి, ట్యాబ్‌లో ఏదో వెతుక్కోసాగాడు. ఆ రెండు సెకన్లలో దొరికే మాట ఆ రోజు పది నిమిషాలైనా దొరకలేదు.

వస్తూ పోతూ ఉండగా అతని సంగతులు ఆమెకు తెలిశాయి. మధ్యాహ్నం దాకా ఒక ఆఫీసులో పని, తర్వాత క్లాసు. లా కోర్సులో ఒకే ఒక్క పేపరు మిగిలింది. మూడుసార్లు అందినట్టే అంది చేజారింది. ఇదే ఆఖరి అవకాశం. పాసైతే వేరే ఊళ్లో హెడ్డాఫీసులో సీటు ఉంచుతామన్నారు. తప్పితే ఉన్న పని కూడా అనుమానమే.

అతనికి ఆమె పనితనం ఒకటి తెలిసింది. పాత పుస్తకాలు మళ్లీ కుట్టడానికి వస్తే ఆమె లోపల తెరిచి చూడదు. మూసిన పుస్తకాన్ని పక్కకు తిప్పి, కాగితాల అంచు చూస్తుంది. వేళ్లు ఎక్కువ తగిలినచోట అంచు మాసి ఉంటుంది. దాన్నిబట్టి ఫలానా చాప్టర్ చదివారు, ఫలానాది తాకను కూడా తాకలేదు అని చెప్పేస్తుంది. దొరికిపోయిన స్టూడెంట్లు ఆమెకు భయపడేవాళ్లు. అతను మాత్రం, మా ట్యాబ్‌కి ఆ బెడద లేదండీ అని మురిసిపోయేవాడు.

ఆ మురిపెం హాల్ టికెట్ వచ్చేదాకానే.

పరీక్షకు పదిరోజులు ఉందనగా అతను వచ్చిన తీరు చూసి ఆమె చేతిలో బ్రష్ పక్కన పెట్టింది. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. చార్జర్ కూడా తేలేదు. హాల్ టికెట్ ఆమె ముందు పెట్టాడు. పేపరు పుస్తకం చూసి రాసేదే. ఆ సంగతి అతనికి ముందే తెలుసు, తెలిసే ధీమాగా ఉన్నాడు. కింద సన్నటి అక్షరాల్లో మాత్రం, బైండ్ చేసిన పుస్తకాలే అనుమతిస్తామని, విడి కాగితాలు, ఎలక్ట్రానిక్ వస్తువులు ఏవీ తేకూడదని ఉంది. ఓపెన్ బుక్ అంటే ట్యాబ్ తెరుచుకోవచ్చని అనుకున్నాడు పాపం. మూడేళ్ల నోట్సంతా అందులోనే ఉంది.

ఆమె దెప్పిపొడవచ్చు. అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. కానీ ఆ మొహం చూశాక నోరు రాలేదు. గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చి కూర్చోమంది.

పద్నాలుగు వందల పేజీలూ ప్రింట్ తీసి బైండ్ చేసెయ్యండి అన్నాడు అతను. ఆమె ఒప్పుకోలేదు.

"మూడు గంటల పరీక్షలో అంత బొత్తిలో ఏం వెతుకుతారు? పుస్తకంలో సెర్చ్ ఉండదండీ. మీ వేళ్లకే దారి తెలియాలి," అంది.

రెండు రోజులు ఇద్దరూ ఆ కౌంటర్ దగ్గరే కూర్చున్నారు. ఏ సెక్షన్ ఎన్నిచోట్ల వస్తోందో అతను ట్యాబ్‌లో వెతికి చెప్పాడు. అది విని, ఉంచాల్సిన పేజీలు ఏరి, ఆమె తన చేత్తో పట్టిక రాసింది. చాప్టర్‌కో రంగు చీటీ అంటించింది. ఇంత పనిని ట్యాబ్ లేకుండా చేయాలంటే తల ప్రాణం తోకకొచ్చేదని ఆమె మనసులో ఒప్పుకుంది, పైకి అనలేదు. మెటీరియల్ ఆరు వందల పేజీలకు దిగింది. తండ్రి కుట్టు వేశాడు, ఆమె అట్ట వేసింది.

ఆ షాపులో కుట్టిన ప్రతి పుస్తకం చివరి తెల్ల కాగితం మీద తేదీ వేసి, చేసినవాళ్ల పేరులో పొడి అక్షరం రాయడం తండ్రి షాపు పెట్టిన నాటి నుంచి వస్తున్న అలవాటు. ఆమె తేదీ వేసింది, పొడి అక్షరం రాసింది. పెన్ను పక్కన పెట్టబోయి, కింద ఇంకో రెండు ముక్కలు రాసింది. "కంగారు పడకండి. అన్నీ ఇందులోనే ఉన్నాయి." రాశాక సిగ్గేసింది, కానీ అప్పటికే ఇంకు ఆరిపోయింది.

పరీక్షకు మూడు రోజుల ముందు, ఒక రంగు చీటీ ఊడిందని అతను పుస్తకం పట్టుకొచ్చాడు. ఆమె అలవాటుగా అంచు తిప్పి చూసింది.

"అప్పీళ్ల చాప్టర్ చదవలేదు కదా," అంది.

అతను తల గోక్కున్నాడు. అది ఎప్పుడో చదివినట్టే గుర్తు అని నసిగాడు. ట్యాబ్‌లో ఎన్నిసార్లు దాటిపోయాడో, చదివానని ఎన్నిసార్లు అనుకున్నాడో అతనికే తెలియదు. ఇక్కడ మాత్రం కాగితాల అంచు పాలలా తెల్లగా ఉంది. అక్కడే స్టూలు మీద కూర్చుని, ఆ సాయంత్రమంతా అదే చదివాడు. కరెంటు ఉన్నా, ప్లగ్ వంక చూడలేదు.

అతను వెళ్లాక ఆమెకు ఒక విషయం తట్టింది. పరీక్ష తప్పినవాళ్లే ఈ వీధికి మళ్లీ వస్తారు. పాసైనవాళ్లు ఊరు వదిలి వెళ్లిపోతారు, వాళ్లకు బైండింగ్ షాపుతో పనేముంటుంది? అతను పాస్ కావాలనే ఆమె కోరుకుంది. నిండు మనసుతోనే కోరుకుంది. కోరుకున్నాక కాసేపు ఏడుపొచ్చింది. జిగురు ఘాటు అని తండ్రితో చెప్పింది. ఆ జిగురుకు ఘాటు లేదని తెలిసినా ఆయన సరేనన్నాడు.

పరీక్ష అయిపోయింది. అతను రాలేదు. ఒక వారం, ఒక నెల, రెండు నెలలు. ఆ ప్లగ్‌లో ఎవరైనా ఫోను పెడతామంటే, పనిచెయ్యదని చెప్పేది. రిజల్టు వచ్చిన రోజు తండ్రే రోడ్డు దాటి వెళ్లి కోచింగ్ సెంటర్ బోర్డు చూసి వచ్చాడు. చార్జర్ అబ్బాయి పాసయ్యాడమ్మా అన్నాడు. చాలా సంతోషం నాన్నా అంది. నిజంగానే సంతోషం, కానీ ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు మళ్లీ వాన. రోడ్డుకు అవతల ఎవరో బ్యాగు నెత్తిమీద పెట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు. దగ్గరికొచ్చాక చూస్తే అతనే. ఈసారి ట్యాబ్ బ్యాగులో తడుస్తోంది. చొక్కాలోపల ఉన్నది పుస్తకం.

రిజల్టు రాకుండా ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదని అన్నాడు. అప్పీళ్ల చాప్టర్ నుంచి పెద్ద ప్రశ్నే వచ్చిందట. చెప్తూనే పుస్తకం కౌంటర్ మీద పెట్టాడు. ఆమె చేతులు ఊరుకోవు కదా, పక్కకు తిప్పి చూసింది. అన్ని చాప్టర్లూ సమానంగా మాసి ఉన్నాయి. చిట్టచివర ఒక్క కాగితం మాత్రం వాటన్నిటికంటే నల్లగా, మెత్తబడిపోయి ఉంది. అక్కడ తెరిచింది. ఆమె వేసిన తేదీ, ఆమె పొడి అక్షరం, ఆమె రాసిన రెండు ముక్కలు.

మెత్తబడ్డ ఆ కాగితం అంచుని ఆమె వేలితో సవరించింది.

"ఈ పేజీలో సిలబస్ ఏమీ లేదు కదండీ," అంది.

"లేదండీ. పరీక్ష అయిపోయాక కూడా రోజూ చదివింది ఇదొక్కటే," అన్నాడు. బ్యాగు కింద పెట్టి, "హెడ్డాఫీసు వద్దన్నాను. ఈ ఊరి బ్రాంచే అడిగాను, ఇచ్చారు. మీరంటే నాకు చాలా ఇష్టం. మీకు కష్టమైతే చెప్పండి, మళ్లీ చార్జింగ్‌కి కూడా రాను," అన్నాడు.

"ఈ రెండు నెలలూ ఆ ప్లగ్‌లో ఇంకెవర్నీ పెట్టనివ్వలేదు," అంది ఆమె. అది చాలదేమోనని, "నాకూ ఇష్టమే," అని కూడా అంది.

లోపల సూది ఆగింది. తండ్రి కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టుకుని బయటికొచ్చి, తడిసిన కుర్రాడికి తువ్వాలు అందించాడు.

"వీధంతా బాబాయ్ అంటుంటే నువ్వొక్కడివే సార్ సార్ అన్నావు. బాబాయ్ అంటే మా అమ్మాయి నీకు చెల్లెలైపోతుందని నీ భయం. నాకు ఆ రోజే అర్థమైంది," అన్నాడు.

అతను తువ్వాలుతో తల తుడుచుకోవడం ఆపి, నేల చూపులు చూశాడు.

"మీ అమ్మానాన్నల్ని ఈ ఆదివారం తీసుకురా, మాట్లాడుకుందాం," అన్నాడు ఆయన. "ఇక ఆ సార్ మాత్రం మానెయ్."

"అలాగే మామయ్యా," అన్నాడు అతను.

ఆమె గబుక్కున పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏ పేజీ తెరుచుకుందో చెప్పక్కర్లేదు.