ఇనుము, గంధకం, జెబా

నరసరావుపేటలో వాకింగ్‌కి వెళ్లిన డాక్టర్ అబ్దుల్ జబ్బార్‌ని ఎవరో వెనకనుంచి కాల్చేశారు. మర్నాడు పొద్దున్నే ఏజెంట్ తన్వీర్‌కి పిలుపొచ్చింది.

చీఫ్ నాగభూషణరావు నేరుగా విషయంలోకి దిగాడు.

"మలేరియా క్రిమి ఒకే ఒక్క కణం. ఇనుము, గంధకం కలిపి ప్రోటీన్లకి అతికించే వర్క్‌షాప్ ఒకటి దాని ఒంట్లోనే ఉంది. అది ఆగితే క్రిమి చస్తుంది. మన ఒంట్లో ఆ పని వేరే పద్ధతిలో జరుగుతుంది. అందుకే జబ్బార్ గారు కనిపెట్టిన మందు క్రిమినే చంపుతుంది, మనిషిని ముట్టుకోదు."

"ఆయన ల్యాబ్‌లోంచి దొంగలెత్తుకుపోయింది ఆ మందునేనా సర్?"

"మందుకి లొంగని క్రిమిని. ల్యాబ్‌లో పరీక్షకోసం పెంచారు. ఫారిన్ ముఠా దాన్ని దోమలకెక్కించి వదిలిందంటే మందు బజారుకి రాకముందే దండగ. ఆ క్రిమిని గడ్డకట్టించి పెట్టిన ఫ్లాస్క్ ఇవాళ మాచర్లలో రైలెక్కుతుంది. తెచ్చేది జెబా."

జెబా తన్వీర్ భార్య. జబ్బార్ దగ్గర రీసెర్చ్ చేస్తూ, రెండేళ్ల కిందట చెప్పాపెట్టకుండా మాయమైంది.

"అవసరమైతే కాల్చెయ్," అన్నాడు చీఫ్, కిటికీ వైపు చూస్తూ.

మధ్యాహ్నం మాచర్ల ప్లాట్‌ఫాం మీద తన్వీర్ పెట్టుడు గడ్డంతో మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. ఎర్ర పట్టుచీర, నల్లకళ్లద్దాలు. స్టేషనంతా తలతిప్పి చూస్తుండగా ఆమె వచ్చి బండి ముందు నిలబడింది.

"కారం తక్కువున్నయ్యి ఉన్నాయా?"

డిపార్ట్‌మెంట్ కోడ్, ఎప్పుడో అతనే ఆమెకి చెప్పింది. తన్వీర్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మాచర్లలో కారం తక్కువుండదమ్మా."

"ఆ గడ్డం నీకు నప్పలా," అంది జెబా మెల్లగా. "చీఫ్ నిన్నే పంపుతాడని తెలుసు."

"ఎందుకు చేశావే?"

"పెద్ద ల్యాబ్ ఇస్తామన్నారు. నమ్మా. సార్‌ని చంపుతారని అనుకోలా."

"ఫ్లాస్క్ ఇటివ్వు."

"వద్దు. క్రిమి చచ్చింది. నిన్న మధ్యాహ్నం సార్ పోయారని తెలియగానే తీసి ఎండలో పెట్టా. మళ్లా గడ్డకట్టించా, అంతే. మూతలో ట్రాకర్ పెట్టా, ఎటు పోయేదీ నా ఫోన్‌లో కనబడుద్ది. వాళ్లని తీసకపోనీ. ముఠా అంతా ఏడుందో తెలుస్తది."

సఫారీ సూటు మనిషొకడు వచ్చి ఫ్లాస్క్ అందుకున్నాడు. రైలు కూత పెట్టింది. ఆ కూతలో వాడి సైలెన్సర్ పిస్టల్ చప్పుడు కలిసిపోయింది. జెబా తన్వీర్ మీదికి ఒరిగింది. వాడు తాపీగా బోగీ ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు.

తన్వీర్ పిస్టల్ తీశాడు. వాడి గుండె సూటిగా కనబడుతోంది. జెబా అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కాల్చమాక. వాణ్ణి చేరనీ."

రైలు కదిలింది. ఆఖరి బోగీ కనుమరుగయ్యేదాకా ఆమె ఆ చెయ్యి విడవలేదు. ఆ తర్వాత విడిచేసింది.

సాయంత్రం గుంటూరు లాడ్జిలో, దోమల పెట్టె మూత తీయబోతుండగా ముఠా మొత్తం పట్టుబడింది. చీఫ్ ఫోన్ చేశాడు.

"సక్సెస్, తన్వీర్! మనవైపు నష్టమేం లేదుగా?"

తన్వీర్ మార్చురీ బయట మెట్లమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో జెబా హ్యాండ్‌బ్యాగ్. అందులో గుంటూరుకి తమ ఇద్దరి పేర టికెట్టు.

"లేదు సర్," అన్నాడు. "ఓ టికెట్టు వృథా అయింది, అంతే."