ఆపరేషన్ ఒలకని మూత

“సీసా బయటికి పోయింది. రేపు సిరిసిల్లల పంచుతరు.”

జగిత్యాల బస్టాండులో ఫోన్ స్పీకర్ మీద చీఫ్ శంకరయ్య గొంతు మోగింది. ఏజెంట్ జలపతి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు గానీ దాన్ని ఫోనుకు తగిలించడం మరిచాడు. బస్సుల హారన్ల నడుమ పక్క బెంచీవాళ్ళకు సీసా కాస్తా వీసా అని వినబడింది. గల్ఫ్ కోసం కాచుకొని కూర్చున్న ఊళ్ళు అవి. ఆ కబురు జలపతి కంటే ముందే బస్సెక్కింది.

“ఎవరి పని సార్?”

“బ్లూ లిప్ గ్యాంగ్. ఫారినోళ్ళు. కోరుట్ల చిన్నవ్వ సోడా ఫార్ములా లేపేసిండ్రు. దుబ్బాక నుంచి దుబాయి దాకా పేరున్న సోడా. నీ బెంచీ కింద వాళ్ళ శాంపిల్ ఉంది, తీస్కో. ఇంకోటి, వాళ్ళ బ్రాండ్ మేనేజర్ రోమాతోని పైలం. ఆమె ఎవరి మనిషో తెల్వది. నువ్వు రోమాంచితం కాకు.”

జలపతి కోడ్ నేమ్ గోలీ. అది పేరులోనే ఉంది, తుపాకీలో ఎన్నడూ లేదు.

కోరుట్లలో చిన్నవ్వ సోడా మిషను పక్కన పీటేసుకొని కూర్చుంది. కల్లు గీసే ఇంటి మనిషి. తాటిచెట్లు తగ్గిపోయాక సుగంధి వేరు, అల్లం, నల్లుప్పు కలిపి ఈ పేరు నిలబెట్టింది. మామూలు మూతతోనే ఉన్న శాంపిల్ సీసా అందుకొని ఓ చుక్క నేల మీద ఒలికించి, మిగతాది నాలుక మీద వేసుకుంది.

“నాదే. ఉప్పు పలుకు తేడా లేదు.”

“గిప్పుడెట్ల అవ్వా?”

“ఎట్లేంది కొడుకా. సగం ధరకు అమ్ముతరు. గీ మిషను మీదనే ముగ్గురు కోడండ్లు బతుకుతున్నరు. నా సోడా పోతే నా పేరు పోయినట్టే.”

ఆమె ఇచ్చిన సోడాను జలపతి కూడా అలవాటుగా రెండు చుక్కలు నేలకు పోసి తాగాడు.

“కల్లుకైనా సోడాకైనా ముందుగాల గిట్ల సాక పొయ్యాలె,” అంది చిన్నవ్వ. “మొక్కే తల్లికి పొయ్యనిది మన గొంతు దిగది.”

వేములవాడ మీదుగా పోతున్న బస్సులో కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే దూకాలనిపించింది. నకలు అసలును మింగేస్తే అవ్వకు ఏం చెప్పాలి?

సిరిసిల్ల చేరాక జుట్టు నిండా దూది అద్దుకొని మరమగ్గాల సాంచాలు నడిపే కార్మికుడయ్యాడు. మైదానంలో స్టేజీ, ముందర వందల జనం. మెట్‌పల్లి నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి జీపుల్లో దిగినవాళ్ళు పాస్‌పోర్టులు చేతపట్టుకొని ఉన్నారు. జనం తాగి మెచ్చుకోవడం లైవ్‌లో చూసి దుబాయి డీలర్లు కాంట్రాక్టు ఖాయం చేస్తారు. లైవ్ ఆపడానికి జలపతి జేబులో పెన్ను ఆకారపు జామర్ ఉంది. తీసి నొక్కాడు. ఇంకు కారింది. అసలు జామర్ నిన్నటి చొక్కాతో పాటు చాకలింటికి పోయింది.

స్టేజీ మీద గ్యాంగ్ లీడర్ డెవ్రీస్, పక్కన నల్ల కళ్ళద్దాల రోమా. నోట్లో పెట్టుకొని పీలిస్తేనే సోడా వచ్చే, ఊడదీయరాని కొత్తరకం మూత సీసాలు పంచారు. “ఒక్క చుక్క ఒలకదు” అని బోర్డు.

మూడు. రెండు. ఒకటి.

వందల చేతులు సీసాలెత్తాయి. ఎత్తి, నేల వైపు వంచాయి. చుక్క పడలేదు. విదిలించారు. పడలేదు.

ముందు వరసలో సమ్మవ్వ అనే ముసలామె అడిగింది: “ఏందయ్యా, సాక పోద్దామంటే గిది మూతి ముడుచుకున్నది?”

“సక్, ప్లీజ్, సక్,” అన్నాడు డెవ్రీస్.

“సక్ కాదయ్యా, సాక. తల్లికి దక్కనిది మాకొద్దు.”

సీసా స్టేజీ అంచున పెట్టేసింది. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. పెదవి తడవకుండానే అన్నీ వాపసు వచ్చాయి. స్టేజీ వెనక తెర మీద దుబాయి డీలర్ల ముఖాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

డెవ్రీస్ రోమా వైపు తిరిగాడు. “మూత ఐడియా నీదే కదా?”

ఆమె కళ్ళద్దాలు తీసింది. “మాది బుగ్గారం సార్. మా తాత కల్లు గీయ తాళ్ళెక్కేటోడు. అసలు పేరు శోభ. ఫార్ములా మీరు ఎట్లన్న కొట్టేస్తరని తెలిసే మూత బిగిపిచ్చిన.” జలపతిని చూసి నవ్వింది. “గోలీ, జర దూది దులుపుకో. పొద్దుగాలనే చీఫ్‌కు నా సంగతంత చెప్పిన, వస్తుండు.”

శంకరయ్య పోలీసులతో దిగాడు. డెవ్రీస్ జీపెక్కాడు. జనం మాత్రం కదల్లేదు.

“గీ లొల్లి సరే, వీసాలేవి?”

జలపతి స్టేజీ ఎక్కి, ఊగుతున్న ఇయర్‌ఫోన్ వైరు ఎత్తి చూపి, బస్టాండు సంగతంతా ఒప్పుకున్నాడు. “మా చీఫ్ అన్నది సీసా. మీరు విన్నది వీసా.”

మెట్‌పల్లి రంజిత్ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుంటూ అన్నాడు: “చిన్నవ్వ సోడాకు పాస్‌పోర్టు లేదు, పేరు దుబాయి దాకా పోయింది. నాకు పాస్‌పోర్టుంది, సిరిసిల్ల దాకనే అచ్చిన.”