పచ్చలైటు చెప్పిన అబద్ధం

ఇన్‌స్పెక్టర్ చివరి గుక్క టీ తాగి కప్పు కింద పెట్టాడు. కప్పు నిలబడింది, ఆయన నిలబడలేదు.

విషం! పోయింది పోలీసు ఇన్‌స్పెక్టర్ కాదు, పారాచూట్ హుక్కులు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. అలాంటి మనిషిని చంపడానికి విదేశీ ముఠా అంత కష్టపడిందంటే వ్యవహారం పెద్దదేనని ఏజెంట్ సూదికి బ్రీఫింగ్ రూములో కూర్చోకముందే అర్థమైంది.

బాస్ నాన్చలేదు. కొత్త బ్యాచ్ హుక్కులతో ముఠా ఏదో ఆటాడింది. ఏమిటో తెలీదు. హుక్కులు గోడ అవతలి ఎయిర్‌ఫీల్డుకి వెళ్లిపోయాయి, పారాచూట్లకి బిగించేశారు కూడా. మధ్యాహ్నం ట్రైనీల మొదటి జంప్. సూది ఫోన్ చేసి "దారం తెగింది" అంటే చాలు, జంప్ ఆగుతుంది. కానీ రుజువు లేకుండా ఆపితే ముఠా మాయమై ఇంకో ఫ్యాక్టరీలో తేలుతుంది.

"మీ తమ్ముడు మొదటి వరసలో ఉన్నాడు, సూదీ. తెలిసే నిన్ను పిలిచాను," అన్నాడు బాస్.

టేబుల్ కింద ఆమె కాలు ఊగుతూనే ఉంది.

నీలం కోటు, ఫ్రేములో కెమెరా దాచిన సోడాబుడ్డి కళ్లద్దాలు, చేతిలో టిఫిన్ బాక్సు. కొత్త ఇన్‌స్పెక్టర్ వేషంలో సూది ఫ్యాక్టరీలోని టెస్టింగ్ షాపులోకి నడిచింది. మధ్యలో లాగుడు మిషను. ప్రతి హుక్కునీ దానికి తగిలించి గట్టిగా లాగుతారు. తట్టుకుంటే పచ్చలైటు, సాగినా చిట్లినా ఎర్రలైటు. పొద్దుట్నుంచీ పచ్చలైటు తప్ప ఇంకోటి వెలగలేదట. ఆపరేటర్ ముఖం వెలిగిపోతోంది.

పక్కనే చిన్న ఎర్రడబ్బా. ఖాళీ.

"అందులో దొంగ ఉండేవాడమ్మా," అన్నాడు ఆపరేటర్.

దొంగంటే కావాలని పాడుచేసిన హుక్కు. పోయిన పెద్దాయన ప్రతి షిఫ్టులోనూ ముందు దాన్నే తగిలించేవాడట. ఎర్రలైటు వెలిగితేనే పని మొదలయ్యేది. ఆయన పోయినప్పట్నుంచీ దొంగ కనిపించలేదు, అది లేకుండానే షిఫ్టులు నడిచిపోతున్నాయి.

అప్పుడే ఘుమఘుమలాడుతూ వచ్చాడు నెమలి. పట్టు స్కార్ఫు, నల్లద్దాలు, పెదవి చివర సినిమా నవ్వు. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఇక్కడ మాత్రం మిషన్లు సరిచేసే ఇంజినీరు. గొంతు తగ్గించి, తప్పంతా కొలిమి దగ్గర జరిగిందన్నాడు. అక్కడి ఫోర్‌మన్ ముఠా మనిషట, వెంటనే వెళ్లి పట్టుకోవాలట.

సూది నాలుగడుగులు వేసింది కూడా. తల పైన విమానం మోత మొదలైంది. తమ్ముడు ఎక్కేశాడు.

"ఆ దొంగ ఏమైంది?" అడిగింది ఆగి.

"ముసలాయన చాదస్తం. టైమ్ వేస్ట్ చేయకు, పద."

విమానం టైమెంతో ఆమెకీ తెలుసు. కానీ నెమలి తొందర ఎందుకో ముల్లులా గుచ్చుకుంది. హుక్కుని లాగి చూసేది మిషను. మరి మిషన్ని లాగి చూసేదెవరు? ఆ పని చేసే ఒక్క మనిషినే కదా చంపారు!

బుట్టలోంచి ఒక హుక్కు లాక్కుంది. గ్రైండర్ ఆన్ చేసింది. నిప్పురవ్వలు చిమ్ముతుంటే ఆపరేటర్ లబోదిబోమన్నాడు, మంచి పీసు పాడైపోతోందని. హుక్కు మెడ సగానికి పైగా కోసేసి మిషనుకి తగిలించి బటన్ నొక్కింది.

పచ్చలైటు.

షాపంతా చల్లబడిపోయింది. ఆ హుక్కు చిన్నపిల్లాడి బరువైనా మోయలేదని ఎవరికైనా కనిపిస్తూనే ఉంది. మిషను అసలు లాగడమే లేదు, లైటు వెలిగిస్తోందంతే. కళ్లద్దాల కెమెరాలో అంతా రికార్డయింది. రుజువు దొరికింది.

"ఈ మిషన్ని చివరిసారి సరిచేసింది ఎవరు?" అంది సూది, వెనక్కి తిరక్కుండానే.

"తిరగకు. నా చేతిలో పెన్ను ఉంది, రాసేది కాదు," అన్నాడు నెమలి.

ఆమె తిరగలేదు, వంగింది. బులెట్ పచ్చలైటుని పగలగొట్టింది. ఆమె మిషన్లోంచి లాగి విసిరిన హుక్కు గాల్లో గిర్రున తిరుగుతూ వెళ్లి నెమలి మణికట్టుకి తగిలింది. పెన్ను జారింది. ఆపరేటర్ అతని మీద పడి, పెద్దాయన్ని చంపావు కదరా అని తిడుతూ స్కార్ఫుతోనే చేతులు కట్టేశాడు.

సూది ఫోన్ అందుకుంది.

"దారం తెగింది."

అవతల నుంచి జవాబు లేదు. ఆమె కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కళ్లద్దాల కెమెరాని జూమ్ చేస్తే విమానం తలుపు తెరుచుకునే ఉంది. అంచున ఒక మనిషి ఆకారం. ఒక కాలు బయటికి వచ్చింది. లోపల్నుంచి ఎవరిదో చెయ్యి అతని బెల్టు పట్టి వెనక్కి లాగేసింది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, దూకబోతుంటే ఎవడో ఆపేశాడు. పరువు పోయింది. వాడు దొరికితే ఉంది వాడికి."

"అన్నం తిని పడుకోరా," అంది సూది.

తర్వాత బాస్ లైనులోకి వచ్చాడు. శభాష్ అన్నాడు, నెమలిని అంతగా నమ్మామే అని వాపోయాడు.

"అతన్ని చేర్చుకునేటప్పుడు పరీక్షించింది ఎవరు సార్?"

"నేనే."

"మరి మిమ్మల్ని?"

బాస్ దగ్గి, సిగ్నల్ సరిగా లేదన్నాడు.